తాత పోయారు, పదకొండో రోజు అమ్మమ్మ గాజుల గొడవ: మీ ఊళ్లలో ఏం చేస్తారు?

వంశధార గట్టు (కాశీనగర్ వైపు, గజపతి జిల్లా)
22 ఏప్రిల్ 2025, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది కతోలిక ఇల్లు. పోయిన గురువారం, 17న రాత్రి, మా తాత (అమ్మ వాళ్ల నాన్న) పోయారు. ఎనభై దాటాయి, సంక్రాంతి నుంచి మంచం మీదే ఉన్నారు, వారం ముందే ఫాదర్ గారు ఇంటికొచ్చి అవస్థ అభ్యంగనం (జబ్బుపడ్డవాళ్లకు నూనె పూసి చేసే ప్రార్థన) ఇచ్చి వెళ్లారు. కాబట్టి అనుకోనిదేం కాదు. కానీ పోయిన రోజు చూడండి, పవిత్ర గురువారం, గుడ్ ఫ్రైడేకి ముందు రోజు. మేమంతా పాదాలు కడిగే పూజకు గుడికెళ్లాం, ఇంట్లో అమ్మమ్మ, తాత ఇద్దరే. తిరిగొచ్చేసరికి అమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "గంజి తాగించాను, మూతి తుడిచేలోగా ఎల్లిపోనాడు" అంది. గిన్నె ఇంకా ఒళ్లోనే ఉంది.

మా ఊళ్లో మనిషి పోతే గుడిగంట ఒక్కో దెబ్బ ఆగి ఆగి కొడతారు, ఆ లెక్క వినగానే పొలంలో ఉన్నవాడికైనా తెలిసిపోతుంది. ఆ రాత్రి గంట కొట్టకూడదన్నారు. గురువారం పూజలో మహిమగీతానికి మోగిన గంట మళ్లీ శనివారం రాత్రి పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి పూజ) దాకా మోగదు. ఉపదేశి గారు (ఊళ్లో ప్రార్థనలు చెప్పించే ఆయన) చెక్కల గిలక పట్టుకుని వీధి వీధీ తిరిగారు. రాత్రి పదింటికి ఆ టకటక శబ్దం ఇంకా చెవుల్లో ఉంది.

శుక్రవారం పొద్దున పదింటికల్లా భూస్థాపన అయిపోయింది, పూజ లేకుండానే. ఆ రోజు ఎక్కడా పూజ ఉండదని ఫాదర్ గారు చెప్పారు. పోనీ సోమవారం దాకా ఉంచుదామంటే ఫ్రీజర్ పెట్టె పర్లాకిమిడి నుంచి తెప్పించాలి, మా దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. చిన్న మావయ్య సూరత్ నుంచి ఆదివారానికి గానీ చేరలేదు, పిడికెడు మట్టి కూడా వేయలేకపోయాడు. ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

అసలు అడగాలనుకున్నది ఇది. 28 సోమవారం పదకొండో రోజు. అమ్మమ్మ తమ్ముడు, మేం చిన్నతాత అంటాం, పెద్దకార్యం చేయాల్సిందే అంటున్నాడు. పుట్టింటి చీర తెస్తాడట, పెరట్లో ఆడవాళ్లు కూర్చుని గాజులు పగలగొట్టి మెట్టెలు తీయాలట, లేకపోతే రేపు మనవరాళ్ల పెళ్లిళ్లలో మాట వస్తుందట. ఆయనింట్లో సగం మంది గుడికి రారు, సగం మంది వస్తారు. ఫాదర్ గారేమో మన సంస్కారంలో అలాంటిదే లేదు అని ఒక్కమాటలో తేల్చేశారు. అమ్మకు ఒకటే టెన్షన్, అటు తమ్ముళ్లు, ఇటు మేనమామ. మీ ఊళ్లలో కతోలికుల ఇళ్లలో ఇది ఎలా జరుగుతుంది? ఎలా ఆపారు, లేదా ఎందుకు ఆపలేదు?

ఉపదేశిగారబ్బాయి (రాయగడ)
23 ఏప్రిల్, ఉదయం 6:15

తమ్ముడూ, తాతగారి ఆత్మకు శాంతి. ముందు పూజ లేదన్న బాధ సంగతి చెప్తాను, ఎందుకంటే మా నాన్న ముప్ఫై ఏళ్లు ఉపదేశిగా చేశారు, పవిత్ర శుక్రవారం చావులు రెండు మూడు చూశాను. ఆ రోజు మీకే కాదు, రోములో కార్డినల్ పోయినా మృతుల పూజ ఉండదు. 1988 జనవరిలో రోము నుంచి వచ్చిన లేఖలో స్పష్టంగా ఉంది, ఆ రోజు భూస్థాపన చేస్తే పాటలు, వాయిద్యాలు, గంటలు ఏవీ లేకుండా చేయాలని. కాబట్టి మీ ఫాదర్ గారు కఠినంగా ఉన్నారనుకోవద్దు. పూజ తర్వాత పెట్టించుకోవచ్చు, తాతగారికి ఏమీ తక్కువ కాలేదు.

మన సంస్కారానికి మూడు మజిలీలు. ఇంటి దగ్గర జాగరణ ప్రార్థన, గుడిలో పూజ లేదా వాక్యపఠనం, సమాధి దగ్గర చివరి ప్రార్థన. ఇప్పుడు వాడే క్రమం 1969లో వచ్చింది. పెట్టె మీద తెల్లగుడ్డ కప్పితే అది జ్ఞానస్నానం నాటి తెల్లబట్టకు గుర్తు, తీర్థం చల్లడం కూడా అందుకే, సాంబ్రాణి వేయడం ఆ శరీరం పవిత్రాత్మ గుడిగా ఉండింది కాబట్టి. పెళ్లాం గాజులు, మెట్టెలు, బొట్టు, వీటి గురించి అందులో ఒక్క అక్షరం లేదు. అంటే తియ్యమనీ లేదు, తియ్యొద్దనీ లేదు. గొడవంతా ఆ ఖాళీలోనే.

ఇంకో సంగతి. 1963లో వాటికన్ రెండో మహాసభ పూజావిధుల మీద చేసిన తీర్మానంలో, మరణసంస్కారం పాస్కా ఆశను (చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న ఆశను) చూపాలి, ఆయా ప్రాంతాల ఆచారాలకు దగ్గరగా కూడా ఉండాలి అని రెండు మాటలూ ఉన్నాయి. మీ చిన్నతాత రెండో మాట పట్టుకుంటాడు, మీ ఫాదర్ గారు మొదటిది. రెండూ కలిపి చదివితే నాకు తోచేది ఇది: దినాలకు భోజనం పెట్టడం, సమాధి మీద పూలు, దీపం, పుట్టింటి చీర ఇవన్నీ ఉంచుకోవచ్చు. ఒక మనిషిని కూర్చోబెట్టి నీ బతుకు అయిపోయింది అని నలుగురిలో చూపించడంలో పాస్కా ఎక్కడుంది?

బల్లార్‌షా బొగ్గు (చంద్రపూర్ జిల్లా)
23 ఏప్రిల్, మధ్యాహ్నం 1:05

మాది ఇంకో రకం కలగూర. తాతల నాడు కరీంనగర్ వైపు నుంచి గనులకొచ్చి ఇక్కడే ఉండిపోయినం. మా చాందా మేత్రాసనం (బిషప్ గారి పరిధి) సీరో మలబార్ వాళ్లది, అంటే కేరళ కతోలిక శాఖది, 1962 నుంచి ఉంది, ఫాదర్లలో కేరళ వాళ్లు ఎక్కువ, పూజ ఎక్కువగా హిందీలో, మరాఠీలో. చావు ఇంట్లో మాత్రం తెలుగే. పెట్టె మూసేటప్పుడు "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని ముసలోళ్లు మొదలుపెడితే ఇరవై మంది మరాఠీ పక్కింటోళ్లు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

కేరళ ఫాదర్లు ఏడో రోజు, నలభై ఒకటో రోజు అంటారు, మా పెద్దలు పదకొండు అంటారు, మరాఠీ వాళ్లు పదమూడు అంటారు. మా నాయన పోయినప్పుడు అన్నీ చేసినం, మొత్తం మీద అన్నం పెట్టీ పెట్టీ అప్పు మిగిలింది. అది వేరే కథ.

అమ్మ గాజుల దగ్గరికొస్తే, మా మేనత్త పగలగొట్టనివ్వలేదు. సబ్బునీళ్లు కలిపి తనే ఒక్కొక్కటి జారదీసి గుడ్డలో కట్టి బీరువాలో పెట్టింది. "ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు ఏసుకో" అంది. నాలుగు నెలల తర్వాత ఓ ఆదివారం అమ్మ అవే గాజులు ఏసుకుని గుడికొచ్చింది, ఎవరూ ఏమీ అనలే. అనుకున్నంత ఎవరూ అనరు బ్రదర్, అంటారేమో అన్న భయమే ఎక్కువ.

తెల్లచీర (బరంపురం)
23 ఏప్రిల్, రాత్రి 9:30

నేను మగవాళ్లలాగా తీర్మానాలు చెప్పలేను. జరిగింది చెప్తాను.

మా ఆయన పోయినప్పుడు నాకు నలభై రెండు. పూజ బాగా జరిగింది, ఫాదర్ గారు పునరుత్థానం గురించి ఎంతో బాగా ప్రసంగం చేశారు, నేనే రెండో పఠనం చదివాను. పదో రోజు సాయంత్రం ముందు గదిలో జపమాల అవుతోంది, అయ్యాక అందరికీ కాఫీ. అదే సమయంలో పెరట్లో నన్ను రుబ్బురోలు దగ్గర కూర్చోబెట్టారు. నా చెయ్యి పొత్రం మీద ఆనించి ఇంకో రాయితో కొట్టారు. ఎడమ మణికట్టు దగ్గర గాజుపెంకు దిగింది. ఇప్పటికీ మచ్చ ఉంది, చిక్కుడుగింజంత. కొట్టింది నా సొంత తోడికోడలు, ఆవిడ ఏడుస్తూనే కొట్టింది. రక్తం కారుతుంటే పసుపు అద్ది కట్టు కట్టి లోపలికి తీసుకొచ్చారు. ఫాదర్ గారు "చెయ్యికి ఏమైందమ్మా" అని అడిగారు. "గాజు గుచ్చుకుంది ఫాదర్" అన్నాను. ఆయన "జాగ్రత్తమ్మా" అన్నారు.

అబ్బాయ్, నీకు అర్థమైందా. ముందుగదిలో జరిగేది ఫాదర్లకు తెలుసు, పెరట్లో జరిగేది తెలియదు. "మన సంస్కారంలో లేదు" అంటే సరిపోదు. 28న ఆయన్ని పెరట్లోకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చోమను.

ఇంకొక్క మాట. ఇక్కడ నలుగురు రాశారు. మీ అమ్మమ్మను ఎవరైనా అడిగారా?

కొత్త ఆకు (గునుపూర్)
24 ఏప్రిల్, ఉదయం 8:10

ఇదంతా చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. వాక్యంలో లేనివన్నీ పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది. మా బాప్టిస్టు సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థనే లేదు, వాళ్ల పని అయిపోయింది, ఉన్నవాళ్లకు ఆదరణ కూడిక పెడతాం, అంతే. మీరు ఉత్తరించు స్థలం (చనిపోయాక ఆత్మలు శుద్ధి అయ్యే చోటు), పూజలు, నలభయ్యో రోజు అని పెట్టుకున్నాక పదకొండో రోజు గాజులు కూడా వస్తాయి మరి.

ఉపదేశిగారబ్బాయి
24 ఏప్రిల్, ఉదయం 8:55

మృతుల కోసం ప్రార్థన మా బైబిల్లో ఉంది, మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం. మీ బైబిల్లో ఆ గ్రంథం లేదు, అది మనిద్దరం ఈ చర్చల దారంలో తేల్చుకునేది కాదు. గాజుల మాటకొస్తే మీ సంఘాల్లో గాజులు పగలవా? గునుపూర్‌లో నేనూ రెండు చావులకొచ్చాను అన్నా. ఆదరణ కూడిక ముందు, పెరడు వెనక.

కొత్త ఆకు
24 ఏప్రిల్, ఉదయం 9:20

...పగులుతాయి. మా పెద్దమ్మకు పగిలాయి. ఒప్పుకుంటున్నాను.

అడ్మిన్
24 ఏప్రిల్, ఉదయం 9:31

సిద్ధాంత చర్చకు వేరే దారం తెరవండి. ఇది చావు ఇల్లు.

సిరొంచ అల్లుడు (గడ్చిరోలి జిల్లా)
24 ఏప్రిల్, రాత్రి 10:48

నేను హిందువుని, మా ఆవిడ కతోలిక. మామగారు పోయినప్పుడు నాకు ఏం చేయాలో తెలియక పడ్డ అవస్థ చెప్తే కాస్త నవ్వుకుంటారు. పెట్టె మోయడానికి నన్ను పిలుస్తారా పిలవరా అని నిలబడ్డాను, పెద్ద బావమరిది ఏమీ అనకుండా ముందు కుడివైపు నా భుజం మీద పెట్టాడు. సమాధి దగ్గర అందరూ మట్టి వేస్తుంటే నేనూ మూడు పిడికిళ్లు వేశాను. అంతా బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అలవాటుగా ప్రాణహితలో దిగి మునిగి తడిబట్టలతో ఇంటికొచ్చాను. వాకిట్లో చుట్టాలంతా నన్నే చూస్తున్నారు. మా అత్తగారు అంత ఏడుపులోనూ లేచి వచ్చి తువ్వాలు ఇచ్చి "నాయనా, మాకు మైల ఉండదు, నీకు జలుబు చేస్తుంది" అన్నారు. మీసం తీసేయాలా అని అడుగుదామనుకున్నవాణ్ణి, ఇక అడగలేదు.

ఒక అనుమానం ఉంది. మీలో దహనం చేస్తే తప్పా? మా ఆవిడ చిన్నాన్న ముంబైలో పోతే అక్కడ దహనం చేశారు, ఇంట్లో ఇప్పటికీ గుసగుసలు పోతూనే ఉన్నాయి.

ఉపదేశిగారబ్బాయి
25 ఏప్రిల్, ఉదయం 6:40

తప్పు కాదు. 1963 నుంచి అనుమతి ఉంది, పునరుత్థానాన్ని కాదనే ఉద్దేశంతో చేస్తే తప్ప. భూస్థాపనే మంచిదని మన కతోలిక సభ చెప్తుంది. 2016లో ఇంకో వివరణ వచ్చింది, బూడిదను నదిలో కలపకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు, సమాధుల తోటలోనో గుడి చెప్పిన చోటో ఉంచాలి అని. ముంబై లాంటి చోట్ల జాగా లేదు, ఏం చేస్తారు.

జాగా అంటే గుర్తొచ్చింది. మన పక్క బస్తర్లో ఈ జనవరిలో ఏమైందో చూశారుగా. ఒక పాస్టరు గారి శవం 7వ తేదీ నుంచి మార్చురీలోనే ఉంది, సొంత ఊళ్లో పాతిపెట్టనివ్వలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 27న ఇద్దరు జడ్జీలు చెరోమాట చెప్పి, చివరికి ఇరవై కిలోమీటర్ల పైన ఉన్న క్రైస్తవ సమాధుల తోటలో పాతిపెట్టమన్నారు. ఊళ్లో ఆరడుగుల నేల ఉన్నవాళ్లం మనం అదృష్టవంతులమే. మీ తాతగారిని ఎక్కడ ఉంచారు తమ్ముడూ?

వంశధార గట్టు
25 ఏప్రిల్, రాత్రి 11:15

అందరికీ చాలా థ్యాంక్స్. తెల్లచీర అక్కా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. తర్వాత లేచి వెళ్లి గిన్నెలు తోముకుంది.

సమాధుల తోట మాకు గుడి వెనకే, చింతచెట్టు పక్కన. గొయ్యి తవ్వింది ఊరి కుర్రాళ్లే. శుక్రవారం కదా, అందరూ ఉపవాసం. పొద్దున ఆరింటికే మొదలుపెట్టారు, నేల గట్టిది, ఎనిమిదయ్యేసరికి ఒకడికి కళ్లు తిరిగాయి. మా పొయ్యి వెలిగించకూడదు కదా, పక్కింటి వాళ్లు కుండతో చోడి అంబలి పంపారు. తాగాలా వద్దా అని వాళ్లు ఫాదర్ గారి వైపు చూస్తుంటే, శవం పక్కన కూర్చున్న అమ్మమ్మ అక్కణ్ణుంచే "గొయ్యి తవ్వేవాడికి ఉపాసం ఏట్రా, తాగండెహె" అని అరిచింది. ఫాదర్ గారు తల ఊపారు.

పెట్టె మామిడి చెక్కతో ఊరి వడ్రంగే రాత్రికి రాత్రి చేశాడు. మేకులు కొట్టే శబ్దం, మధ్యలో ఉపదేశి గారి గిలక, ఆ రాత్రంతా అదే వినబడింది. తాత చేతిలో జపమాల, మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాడు నేను ఆయన కోసం తెచ్చిన తాటాకు సిలువ పెట్టాం, ఇంకా పచ్చగానే ఉంది. పాటలు లేవు, డప్పు లేదు. మా ఊళ్లో శవం వెనక పాట లేకుండా నడిచింది అదే మొదలు. చెప్పులు నేలకు రాసుకునే శబ్దం వినిపించింది. ఆడవాళ్లు మాత్రం రాగం తీసి ఏడ్చారు. అది పాట లెక్కలోకి వస్తుందా రాదా అని ఫాదర్ గారిని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సమాధి దగ్గర ప్రార్థన ఒడియాలో అయింది. అమ్మమ్మకు ఒడియా సంతలో బేరానికి సరిపోయేంత వచ్చు, ప్రార్థనకు రాదు. ఆయన చదువుతున్నంత సేపూ తను వేరేగా తెలుగులో జపం చెప్పుకుంటూనే ఉంది, ఆయన ముగించాక కూడా ఆపలేదు. ఆవిడ అయిపోయేదాకా అందరం నిలబడ్డాం.

మూడో రోజు అంటే సరిగ్గా ఈస్టర్. ఊరంతా కొత్తబట్టలు, మాంసం వాసన, మా ఇంట్లో పప్పన్నం. పక్కిళ్లవాళ్లు పలావు గిన్నెలు తెచ్చి గడప దగ్గర ఆగి, ఇవ్వాలా వద్దా అన్నట్టు చూస్తున్నారు. చిన్న మావయ్య ఆ పొద్దునే దిగాడు. తిన్నగా సమాధి దగ్గరికి వెళ్లి, పైన ఉన్న మట్టే పిడికెడు తీసి మళ్లీ అక్కడే వేశాడు, మూడుసార్లు.

మర్నాడు పోపు ఫ్రాన్సిస్ గారు పోయారని వార్త. "మీ తాతకి తోడు దొరికింది" అని అమ్మమ్మ. ఇంట్లో మొదటిసారి ఎవరో నవ్వారు.

బల్లార్‌షా బొగ్గు
26 ఏప్రిల్, సాయంత్రం 5:20

ఇయ్యాల పోపు గారి అంత్యక్రియలు చూశారా? మా కాలనీలో ఒక్క టీవీ ముందు నలభై మందిమి. ఇదివరకు పోపులకు ఒకదాంట్లో ఒకటి మూడు పెట్టెలు ఉండేవట, ఈయనే నిరుడు ఆ పద్ధతి మార్చి నాకు ఒక్క చెక్కపెట్టె చాలు అన్నాడు, లోపల జింకు రేకు. సమాధి మీద కూడా లాటిన్లో ఒక్క పేరే.

వంశధార గట్టు
26 ఏప్రిల్, రాత్రి 8:02

ఫోన్లో అమ్మమ్మకు చూపించాను. పెట్టెను దగ్గరగా చూపించినప్పుడు ఫోన్ లాక్కుని, "మనోడే బాగా చేశాడు, ఆళ్లది పాలిష్ ఎక్కువ" అంది. వడ్రంగికి చెప్తే పొంగిపోయాడు.

కొత్త ఆకు
27 ఏప్రిల్, మధ్యాహ్నం 12:30

పనికొచ్చే మాట ఒకటి. ఇంట్లో పోయారు కాబట్టి మరణ నమోదు మీరే చేయించాలి, 21 రోజుల్లోపు. అంటే మే 8 లోపే. దాటితే ఆలస్య రుసుము, తిరుగుడు. మాకు జ్ఞానస్నానపు పేరు ఒకటి, ఆధార్లో పేరు ఇంకొకటి అయి పెద్దమ్మ పింఛనుకు ఏడాది తిరిగాం. గుడి రిజిస్టర్లో కూడా ఏ పేరు రాశారో చూసుకోండి.

వంశధార గట్టు
27 ఏప్రిల్, రాత్రి 9:45

మంచి మాట చెప్పారు అన్నా. మా తాతకు మూడు పేర్లు, రేషన్ కార్డులో ఇంకోటి. రేపటి సంగతి రేపు రాస్తాను.

తెల్లచీర
28 ఏప్రిల్, రాత్రి 10:10

ఏమైంది అబ్బాయ్? పొద్దుట్నుంచి పదిసార్లు తెరిచి చూశాను.

వంశధార గట్టు
29 ఏప్రిల్, ఉదయం 5:50

రాత్రి పాత్రలన్నీ తిరిగిచ్చి వచ్చేసరికి ఒంటిగంట అయింది, అందుకే రాయలేదు అక్కా.

పొద్దున తాత కోసం పూజ అయింది, ఈసారి గంట కొట్టారు. భోజనాలు నూట యాభై మందికి అనుకుంటే రెండొందలు దాటారు, సాంబారులో నీళ్లు కలపాల్సి వచ్చింది. ఫాదర్ గారిని పెరట్లో కూర్చోమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు, అమ్మే వెళ్లి అడిగింది. ఆయన నిజంగానే కుర్చీ తెప్పించుకుని జామచెట్టు కింద కూర్చున్నారు. ఆడవాళ్లు ఆయన్ని చూసి మొహాలు మొహాలు చూసుకున్నారు. చిన్నతాత చీర పళ్లెంలో పెట్టి తెచ్చాడు. తెల్లది కాదు, లేత నీలం అంచు. కాస్త మెత్తబడ్డట్టే ఉన్నాడు.

అమ్మమ్మ చీర తీసుకుని మడత విప్పి, అంచు వేళ్లతో నలిపి చూసి, "ఎంతకి కొన్నావు?" అంది. ఆయన చెప్పాడు. "ఇంత పెట్టి ఒక్క పండక్కీ కొనలేదేరా?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గాజుల మాట ఎత్తాడు, గొంతు తగ్గించి. అప్పుడు అమ్మమ్మ రెండు చేతులూ ముందుకు చాపింది, ఆకుపచ్చ గాజులు, చేతికి ఆరేసి. "ఇవి మీ బావ కొన్నవి కావురా. కాశీనగర్ సంతలో అరవై రూపాయలకి నేను కొనుక్కున్నాను. పగలగొడితే నువ్వు కొనిస్తావా?" చిన్నతాత ఏమీ మాట్లాడలేదు.

అయినా వాళ్ల పెద్దకోడలు ఊరుకోక, "సరే అత్తా, గాజులు ఉంచుకో, మెట్టెలైనా తీయాలి కదా" అని కాళ్ల దగ్గర కూర్చుంది. చూస్తే వేళ్లకు మెట్టెలు లేవు. తెల్లటి గీతలు మాత్రం ఉన్నాయి. అందరం అమ్మ వైపు చూశాం, అమ్మ నాకు తెలీదంది. అమ్మమ్మే చెప్పింది, "శుక్రవారం పెట్టె మూయకముందే తీసి మీ మావ చొక్కా జేబులో ఏశాను. అవి ఆయన ఏయించినవి."

అంత మంది మధ్య ఎప్పుడు తీసిందో, ఎప్పుడు పెట్టిందో మాలో ఒక్కరం చూడలేదు. నేను తలవైపే నిలబడ్డాను కూడా.

ఫాదర్ గారు లేచి ప్రార్థన చేశారు. ఈసారి తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో, తప్పులతో.

తెల్లచీర
29 ఏప్రిల్, ఉదయం 6:20

మీ అమ్మమ్మ చేతులు ఒకసారి నా తరఫున పట్టుకో.

సిరొంచ అల్లుడు
29 ఏప్రిల్, ఉదయం 7:45

మా అత్తగారికి చదివి వినిపిస్తున్నాను ఇప్పుడే. "మెట్టెలు జేబులో" దగ్గర ఆపమన్నారు.

వంశధార గట్టు
2 మే, రాత్రి 10:30

ఇంకో సంగతి అడగాలి. నలభయ్యో రోజుకి సమాధి మీద సిలువ పెట్టిద్దామనుకుంటున్నాం. నవంబర్ 2 సమాధుల పండగ దాకా ఆగుదామని పెద్ద మావయ్య, వానలకు మట్టి కుంగుతుంది కాబట్టి అదే మేలని వడ్రంగి కూడా. సరే, అది తేలుతుంది. పేరు ఏ భాషలో రాయించాలన్నది తేలటం లేదు. పిల్లలకు ఒడియా తప్ప తెలుగు చదవడం రాదు, తోటలో పాతవన్నీ తెలుగులో ఉన్నాయి, కొత్తవన్నీ ఒడియాలో.

ఉపదేశిగారబ్బాయి
3 మే, ఉదయం 6:05

రెండూ రాయించవచ్చు. రాయగడలో చాలా ఉన్నాయి అలా. ఖర్చు అక్షరానికి లెక్క వేస్తారు, ముందే బేరం ఆడుకో.

తెల్లచీర
3 మే, ఉదయం 9:15

తెలుగులో రాయించు. అందరికంటే ఎక్కువ అక్కడికి వెళ్లేది మీ అమ్మమ్మ కదా, ఆవిడ చదువుకోవాలి.

వంశధార గట్టు
3 మే, ఉదయం 9:40

అమ్మమ్మకు చదువు రాదు అక్కా. ఏ భాషా.

తెల్లచీర
3 మే, ఉదయం 9:52

అయితే అక్షరాలు మీకు నచ్చినట్టు రాయించుకోండి. సిలువ మాత్రం లోతుగా చెక్కమను, వేలితో తడిమితే తెలిసేటట్టు.